నలభై గంటలు, ఒక నెర్రెల గోడ

ఇందుమూలంగా యావన్మంది యాత్రికులకు తెలియజేయడమేమనగా, మా ఊరిని పూర్తిగా అర్థం చేసుకోవడానికి నలభై గంటలు చాలు.

ఇది నేను తేల్చిన లెక్క కాదు. తూర్పు తీరంలో అచ్చయ్యే ఒక పెద్ద పత్రిక తేల్చింది. నేను అరిజోనా ఎడారిలోని ఈ ఊళ్ళోనే పుట్టి, ఇక్కడే యాభై రెండేళ్ళు బతికాను. నాకింకా కొన్ని సందులు అర్థం కాలేదు. అది నా మందబుద్ధి తప్ప పత్రిక తప్పు కాదు.

కార్యక్రమం ఇలా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి దిగాలి. ఐదున్నరకి నాగజెముడు పండు షర్బత్. ఏడింటికి పందిమాంసం చుట్టిన హాట్‌డాగ్, బండి పక్కన నిలబడి, చొక్కా మీద కాస్త కారుతూ తినాలి. శనివారం పొద్దున తొమ్మిదింటికి సాన్ ఫెర్మిన్ పేటలో కిటికీ దగ్గర రొట్టె. తొమ్మిది నలభైకి గోడ. పదింటికి గోడకి ఎదురుగా ఉన్న కొట్లో, తురిమిన ఐసు మీద మామిడి రసం, మిరప్పొడి. ఒంటిగంట నుంచి నాలుగు దాకా హోటల్లో ఈతకొలను దగ్గర విశ్రాంతి. సాయంత్రం చిత్రశాల. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి విమానం. అప్పటికి మా ఊరు అయిపోతుంది.

ఆ ఐసు కొట్టు నాది. కాబట్టి ఈ కార్యక్రమం మీద నాకు సహజంగానే గౌరవం ఎక్కువ.

గోడ మాత్రం దోన్యా క్రిసాంతాది. దోన్యా అంటే మా వాళ్ళు పెద్దావిడకిచ్చే మర్యాద. పేటలో చాలామందికి ఆమె అత్త. డెబ్భై నాలుగేళ్ళు. భర్త పోయి పదేళ్ళయింది. మట్టి ఇంట్లో, దక్షిణపు గోడ వెనకే ఆమె వంటగది. ఆ గోడకే ఒక కిటికీ. పిండి ముద్దని మోచేతుల మీద విసిరి విసిరి, చెయ్యంత వెడల్పు చేసి, అవతలి మనిషి మొహం కనిపించేంత పల్చగా సాగదీసి, పెనం మీద వేసి, మడిచి, ఆ కిటికీలోంచి అందిస్తుంది. లోపల ఎడారి చిక్కుడు గింజలు, మిరియమంత ఉండి పిడుగంత మండే అడవి మిరపకాయలు. యాభై ఏళ్ళుగా పేట మొత్తానికి ఆ కిటికీ దగ్గరే తెల్లవారుతుంది.

మట్టి గోడకి ఏడాదికోసారి పూత పడాలి. జూన్ ఇరవై నాలుగు సాన్ హువాన్ పండుగ. మొదటి వాన ఆ పండుగతోనో, ఆ తర్వాతో వస్తుంది. పండుగ లోపల ఎర్రమట్టి, తరిగిన గడ్డి కలిపి తొక్కి, ఆడవాళ్ళు అరచేతుల్తో గోడ మెత్తుతారు. మగవాళ్ళు మట్టి కలుపుతారు, సలహాలిస్తారు. ముందటేడు జూన్‌లో దోన్యా క్రిసాంతా మెట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇంకొకరు మెత్తితే ఆమెకి నచ్చదు. అందుకని ఆ ఏడు పూత పడలేదు. ఎండకి గోడ నెర్రెలిచ్చింది. కిటికీ కింద మొదలైన ఒక నెర్రె చూరు దాకా పాకి, అక్కడ మూడుగా చీలింది. పేటలో అందరం చూసి, అయ్యో అనుకున్నాం.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో లైల్ విట్‌కాంబ్ వచ్చాడు. పత్రిక పంపిన మనిషి. పొడుగ్గా, మర్యాదగా, ఎండకి కమిలిపోయి ఉంటాడు. నలభై గంటల చొప్పున చూస్తూ వస్తున్న ఊళ్ళలో ఇరవై ఏడోది అతనికిది. కిటికీ దగ్గర రొట్టె చేతిలో పెట్టుకుని, తినకుండా గోడ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఈ గోడ ఎవరు చేశారండీ?"

"మా మామగారు కట్టాడు. నేను మెత్తేదాన్ని. పోయినేడు కుడిచెయ్యి విరిగింది, అందుకే ఇలా అఘోరించింది. అలా గుడ్లప్పగించి చూస్తావేంటి నాయనా? రొట్టె చల్లారిపోతోంది, తిని చావు!"

విట్‌కాంబ్ అంతా రాసుకున్నాడు. మార్చిలో అచ్చయింది. "పేరు చెప్పుకోవడానికి ఇష్టపడని ఒక కళాకారిణి, విరిగిన కుడిచేతితో, ఏడాది కాలం ఈ గోడపై ఎడారి దాహాన్ని గీసింది. రంగు లేదు, కుంచె లేదు. దక్షిణాది ఎడారుల్లో ఇంత నిజాయితీ గల చిత్రం నేను చూడలేదు. పక్కనే రొట్టె దొరుకుతుంది. యజమానురాలు మిమ్మల్ని తిడుతుంది. అది రుచిలో భాగం."

ఆ శనివారం సరిగ్గా తొమ్మిది నలభైకి, గోడ ముందు అరవై మంది ఉన్నారు.

మా ఊరికి స్వల్పకాలిక బస, రుచులు, కళల సంయుక్త సంఘం అని ఒకటి ఉంది. అధ్యక్షురాలు శ్రీమతి గ్వెన్ ఆల్డ్రిచ్. మా ఊరికి వచ్చి మూడేళ్ళే అయినా, మా ఊరంటే మాకన్నా ఆవిడకే అభిమానం ఎక్కువ. అది మాకు తరచూ గుర్తుచేస్తుంది కూడా. పత్రిక అందిన నాలుగో రోజుకే ఉత్తర్వు వచ్చింది. "సదరు దక్షిణపు గోడ వెలుపలి ముఖము నగర కళాసంపదగా ప్రకటించడమైనది. దానిని తాకుట, తడుపుట, అలుకుట, మెత్తుట, లేదా ఇతరత్రా బాగుచేయుట నిషేధము."

బాగుచేయడం నిషేధమని స్పష్టంగా రాసిన ఉత్తర్వు నేను అదే చూడటం.

దోన్యా క్రిసాంతా దాన్ని రెండుసార్లు చదివించుకుంది. చదివింది ఇలారియో, ఆమె మరిది. డెబ్భై దాటిన మనిషి. జీవితమంతా మట్టి ఇటుకలు పోశాడు. ఈ పేటలో సగం గోడలు అతని చేతి మీదుగా లేచినవే.

"అంటే ఏంట్రా? నా గోడ నేను మెత్తుకోకూడదా?"

"కూడదంట వదినా. చూసుకోవచ్చంట."

"పండుగ దాకా అంటారేమో?"

"దాకా అని లేదు. శాశ్వతంగా అని ఉంది."

"వాన వస్తే?"

"వాన గురించి ఏం రాయలేదు. దానికి విడిగా ఉత్తర్వు పంపుతారేమో."

మధ్యలో తిట్ల వ్యవహారం ఒకటి వచ్చింది. ఏప్రిల్ మొదటి శనివారం దోన్యా క్రిసాంతాకి మణికట్టు నొప్పి పూర్తిగా పోయింది. ఆ సంతోషంలో అందరికీ నవ్వుతూ రొట్టెలందించింది. సోమవారానికి సంఘానికి పదకొండు ఫిర్యాదులు. "అంత దూరం నుంచి వచ్చాం. ఆప్యాయంగా పలకరించింది. మోసపోయాం." సంఘం తాఖీదు పంపింది: శనివారాల్లో తొమ్మిది నుంచి తొమ్మిది నలభై వరకు తిట్లలో ఏకరూపత పాటించవలెను. తాఖీదు తెచ్చిన గుమాస్తాని ఆవిడ వీధి చివరి దాకా తరుముతూ తిట్టింది. నిబంధన పాటింపు సంతృప్తికరం అని అతను నివేదిక రాసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ నన్ను ఉత్తినే తిట్టావు కదా వదినా," అన్నాడు ఇలారియో.

"నిన్ను తిట్టింది సాధనరా. కచేరీ ఇప్పుడు."

నెర్రెలకి గిరాకీ పెరిగింది. ఊరి నడిబొడ్డున ఆరు నెలల కిందటే కట్టిన హోటలు, పనివాళ్ళని పెట్టి తన కొత్త గోడని జాగ్రత్తగా పగలగొట్టించుకుంది. ఒక కార్యాలయం గాజు తలుపు మీద నెర్రెలు గీయించింది. పొద్దున్నే వచ్చిన ఉద్యోగులు తలుపు పగిలిందనుకుని వెనక్కి వెళ్ళిపోయారు. బళ్ళో పిల్లలకి "నాకు నచ్చిన నెర్రె" అని చిత్రలేఖన పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన పాప తన ఇంటి వంటగది గోడ చూసి గీసింది. మర్నాడే సంఘం ఆ ఇంటికి కూడా ఉత్తర్వు పంపింది.

ఇంత విలువైన వస్తువుని ఎండకీ గాలికీ వదిలేయడం బాధ్యతారాహిత్యం కదా. అందుకని సముద్రతీరం నుంచి ఒక గోడల నిపుణుణ్ణి రప్పించారు. ఏడాదిలో తొమ్మిది నెలలు వాన కురిసే చోటి మనిషి. అతను గోడ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ ద్రావకం మూడు పొరలు కొట్టించాడు. గోడ నిగనిగలాడింది. నెర్రెలు అద్దంలో పెట్టినట్టు కనిపించాయి.

ఇలారియో టోపీ తీసి, చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యా, మట్టి గోడకి రెయిన్‌కోటు తొడిగారు. లోపల పట్టే చెమట ఎటు పోవాలండీ?"

"గోడలకి చెమట పట్టదు, పెద్దాయనా."

"మీ గోడలకి పట్టదేమో. మావి పనిచేసే గోడలండీ."

దీని వెనక మా వీధి సొంత చరిత్ర ఉంది. నలభై ఏళ్ళ కిందట మా పెద్దవాళ్ళు నాగరికులమవుదామని మట్టి గోడల మీద సిమెంటు పూయించుకున్నారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక, పైకి పెళ్ళికొడుకుల్లా మెరుస్తూనే, లోపల గుజ్జయిపోయి ఆరిళ్ళు కూలాయి. మా నాన్న ఇల్లు మూడోది. కాబట్టి ఏం జరగబోతోందో మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసిన విషయమే కాబట్టి ఎవరం మాట్లాడలేదు.

శ్రీమతి ఆల్డ్రిచ్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. దాహం గీసిన గోడ మొదట్లో పూలుంటే ఆ దాహం మరింత గాఢంగా కనిపిస్తుందట. గోడ పొడుగునా పూలమడి వేయించి, సన్న గొట్టాలతో రోజుకి రెండు పూటలా నీళ్ళు పెట్టించింది. ఎడారిలో ఆ పూలు ఎంత బాగా పూశాయో చెప్పలేను. నీళ్ళన్నీ పూలే తాగుతున్నాయని సంఘం అనుకుంది.

జూన్ ఏడున ఇలారియో వంటగదిలోకి వెళ్ళి, గోడ లోపలి వైపు మోకాలి ఎత్తున బొటనవేలితో నొక్కాడు. వేలు రెండో కణుపు దాకా దిగింది.

బయటికొచ్చి నా కొట్టు ముందు కూర్చున్నాడు. ఐసు అడగలేదు. "బెతో, పండుగకి పదిహేడు రోజులుంది. ఆ గోడకి అన్ని రోజుల్లేవు. దూలాలన్నీ దాని మీదే ఉన్నాయి. అది పోతే వదిన పోతుంది. కనీసం పొయ్యి పోతుంది. వదినకి రెండూ ఒకటే."

దోన్యా క్రిసాంతా అర్జీ పెట్టుకుంది. మూడు మాటలు: గోడ తడిసింది, పొర ఒలవండి, నన్ను మెత్తుకోనివ్వండి. బహిరంగ విచారణ అన్నారు. పేటంతా వెళ్ళాం. శ్రీమతి ఆల్డ్రిచ్ ఉపన్యాసం ముప్పావు గంట సాగింది.

"మిత్రులారా! గోడ అంటే ఏమిటి? రెండు ప్రపంచాల మధ్య సంభాషణ. నెర్రె అంటే ఏమిటి? ఆ సంభాషణలో ఒక నిట్టూర్పు. ఈ మహనీయురాలు తన కృతిని తానే తుడిచేయాలనుకుంటోంది. గొప్ప కళాకారులందరిలో ఉండే వినయమే ఇది. కాని ఆమె వినయం నుంచి ఆమె కళని కాపాడటం మన ధర్మం. దోన్యా క్రిసాంతా, గోడ మీదే. ఎవరూ కాదనరు. కాని దాని నెర్రెలు మానవాళివి!"

చప్పట్లు. దోన్యా క్రిసాంతా లేచింది.

"అయితే ఆ నెర్రెలు మీరు పట్టుకుపొండమ్మా. గోడ నాకు వదిలేయండి."

దీనికి ఇంకా ఎక్కువ చప్పట్లు. ఆ మాట మర్నాడు సంఘం కరపత్రం మీద అచ్చయింది, రెండో సగం లేకుండా.

తర్వాత శ్రీమతి ఆల్డ్రిచ్ ప్రజాస్వామ్యం పాటించింది. "గోడకి మట్టి పూయాలని పేటలో ఎవరెవరు కోరుకుంటున్నారో చేతులెత్తండి." ఇలారియో చెయ్యి లేచింది. నా చెయ్యి కూడా లేవబోయింది. ఇంతలో శనివారం పదింటికి నా కొట్టు ముందు నిలబడే వరస గుర్తొచ్చి, ఆ చేత్తో మెడ గోక్కున్నాను. చుట్టూ చూస్తే హాట్‌డాగ్ బండి వాళ్ళకి, షర్బత్ వాళ్ళకి, గదులు అద్దెకిచ్చే వాళ్ళకి, అందరికీ ఒకేసారి మెడ దురద పెట్టింది.

పండుగకి ఇంకా పన్నెండు రోజులు.

బయటికొస్తూ ఇలారియో నా పక్కన నడిచాడు. "దురద తగ్గిందా?"

"ఉక్కపోత, బాబాయ్. వాన ముందు అంతే."

"ఆఁ. చూశాను. మీ నాన్నకీ సిమెంటు రోజున అంతే పట్టింది."

ఉత్తర్వు ఉత్తర్వే. కాని కార్యక్రమంలో ఒంటిగంట నుంచి నాలుగు దాకా యాత్రికులందరూ ఈతకొలనులో ఉంటారు. ఆ శనివారం ఒంటిగంటకి, రాయి పగిలే ఎండలో, దోన్యా క్రిసాంతా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచారు. ఇలారియో మట్టి తొక్కి తట్టల్లో అందించాడు. దోన్యా క్రిసాంతా మొదటి ముద్ద తీసి, గోడకేసి కొట్టి, అరచేత్తో పైకి లాగింది. మట్టి ఒక్క క్షణం ఆగి, మొత్తం ఊడి, పూల మీద పడింది. రెండో ముద్దా అంతే. ప్లాస్టిక్ మీద మట్టి నిలవలేదు. ముగ్గురూ ఆ గోడని ఆ చివర్నుంచి ఈ చివరికి ప్రయత్నించారు. కాపాడే పొర తన పని తాను చేసింది. గోడని బాగుపడకుండా కాపాడింది.

ఈతరాని దంపతులు ఇద్దరు అదే సమయానికి అటుగా వచ్చి ఫొటోలు తీశారు. మర్నాడే కార్యక్రమంలో కొత్త అంశం చేరింది. శనివారం ఒంటిగంటన్నర: సాన్ ఫెర్మిన్ పేట స్త్రీల గోడ పూజ. దోన్యా క్రిసాంతాకి సంఘం లేఖ రాసింది. పూజ కొనసాగించవచ్చు. మట్టి నిషేధం కాబట్టి ఖాళీ చేతులతో చేయాలి. ఆమె ఒప్పుకోలేదు. నాటక సమాజం నుంచి ఇద్దరు అమ్మాయిల్ని తెచ్చి పెట్టారు. వాళ్ళు రిహార్సల్లోనే బాగా చేశారు. ఒకమ్మాయి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

పండుగకి ఆరు రోజులు. ఇలారియో ఉత్తర్వు మళ్ళీ తీసి, కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు.

"వదినా, ఇది విను. వెలుపలి ముఖము అని ఉంది. లోపలి ముఖం గురించి ఏం లేదు."

"అయితే?"

"గోడ మనది కాదు. కప్పు మనదే కదా."

ఎవరూ లోపల ఏం జరుగుతోందో చూడలేదు. లోపల చూడమని కార్యక్రమంలో లేదు. ఇలారియో రోజుకి రెండు చొప్పున మెస్కీట్ తుమ్మ మొద్దులు వెనక దొడ్డి దారిన మోసుకొచ్చి, గోడకి మూరెడు ఇవతల, దూలాల కింద ఒక్కొక్కటే నిలబెట్టాడు. పొయ్యి, పెనం, పిండి డబ్బాలు ఉత్తరపు గదిలోకి మారాయి. కిటికీ దగ్గర మాత్రం ఆవిడ యథాప్రకారం నిలబడి రొట్టెలందించేది. ఒక్కో రొట్టెకీ ఉత్తరపు గది దాకా నడిచి వచ్చేది. ఆలస్యమవుతోందని ఎవరైనా అంటే, ఏకరూపత పాటించేది.

సాన్ హువాన్ పండుగ శనివారం పడింది. సంఘానికి ఇంతకన్నా ఏం కావాలి? ఊరేగింపు, గోడకి కళాసంపద ఫలకం ఆవిష్కరణ, రెండూ కలిపేశారు. ముఖ్య అతిథి లైల్ విట్‌కాంబ్. ఈసారీ నలభై గంటలకే. పండుగ రోజు మా వాళ్ళు ఒకరి మీద ఒకరు బిందెలతో నీళ్ళు పోసుకోవడం ఆనవాయితీ. గోడకి వంద అడుగుల లోపల నీళ్ళు నిషేధించారు. పూలమడి గొట్టాలకి మినహాయింపు ఇచ్చారు.

తొమ్మిదిన్నరకి సాన్ హువాన్ విగ్రహం మా వీధిలోకి వచ్చింది. దక్షిణం వైపు కొండల మీద మబ్బు, కాలిన పెనం అడుగులా ఉంది. గోడ ముందు రెండొందల మంది. నా కొట్టు పక్కన నీడలో సంఘం వాళ్ళ బల్ల. దాని మీద ఫిర్యాదుల పుస్తకం.

గోడ నడుం దగ్గర ముందుకు వచ్చింది. నిన్నటికి లేదు అది. నిగనిగలాడుతూ, గుండ్రంగా, కిటికీ కింద.

విట్‌కాంబ్ దగ్గరికి వెళ్ళి పరీక్షగా చూశాడు. "అద్భుతం. ఫిబ్రవరిలో ఇది లేదు. కృతి ఇంకా ఎదుగుతోంది!"

"ఎదగడం కాదు బాబూ, కడుపుతో ఉంది," అన్నాడు ఇలారియో. "నెలలు కూడా నిండాయి. జరగండి!"

ఎవరూ జరగలేదు. తొమ్మిది ముప్పై ఎనిమిదైంది. తొమ్మిది నలభైకి గోడ. శ్రీమతి ఆల్డ్రిచ్ ఉపన్యాసం మొదలుపెట్టింది. "ఈ గోడ ఉన్నంతకాలం..." అంది. మొదటి చినుకు మైకు మీద పడింది.

మా వాన చినుకులతో ఆగే రకం కాదు. అరనిమిషంలో వీధి చివర కనిపించలేదు. చూరు మీంచి నీళ్ళు గోడ నెత్తిన పడి, ప్లాస్టిక్ పొర వెనక్కి దిగుతున్నాయి. బయట ఒక్క చుక్క ఇంకలేదు. జనం గొడుగులు తెరిచి, నిలువెల్లా మెరిసే గోడని చూసి హర్షధ్వానాలు చేశారు. పొర పనిచేస్తోంది!

కిటికీలోంచి దోన్యా క్రిసాంతా తల బయటికి పెట్టి అరిచింది.

"ఒరేయ్ గాడిదల్లారా! అవతలికి పొండి! గోడ మీద పడి చస్తారు!"

జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసల వాళ్ళకి సరిగ్గా వినబడక ముందుకి తోసుకొచ్చారు.

"దద్దమ్మల్లారా! కళ్ళు నెత్తికెక్కాయా? వెనక్కి నడవండి, మొహాలు చూడు!"

ఇంకా గట్టిగా చప్పట్లు. ఒకాయన తన భార్యని గోడకి ఆనుకుని నిలబడమని, ఫొటో తీయడానికి తయారయ్యాడు. ఆవిడ భుజం తగిలిన చోట గోడ జెల్లీలా ఊగింది. కిటికీ పక్కనే నిలబడ్డ ఇలారియో నా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి అతని మొహంలో వెటకారం లేదు.

దోన్యా క్రిసాంతా ఆగింది. ఊపిరి పీల్చుకుంది. కొప్పు సర్దుకుంది. తర్వాత, నేను కళ్ళారా చూశాను, చిరునవ్వు నవ్వింది.

"బంగారు తల్లీ, తడిసిపోతున్నావమ్మా. నాయనా, మీరు కూడా కాస్త అటు నీడలోకి వెళ్ళి నిలబడతారా? దయచేసి. మీకు చాలా పుణ్యం ఉంటుంది."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇదేంటి?" అంది భుజం ఆనించిన ఆవిడ. "ఈమె అసలు మనిషేనా?"

"మళ్ళీ అదే మోసం!"

"ఫిర్యాదుల పుస్తకం ఎక్కడ?"

రెండొందల మంది, పిల్లాపాపలతో, గొడుగులతో, మర్యాదగా వరస కట్టి వీధి దాటి నా కొట్టు పక్కన బల్ల దగ్గరికి వచ్చేశారు. వెనకే విట్‌కాంబ్, నోటుపుస్తకంతో. అందరికన్నా చివర ఇలారియో. జనం మధ్యలో నిలబడటానికి అలవాటు పడ్డ శ్రీమతి ఆల్డ్రిచ్ కూడా, జనం ఎటు వెళ్తే అటే వచ్చింది. మొదటి వ్యక్తి ఫిర్యాదులో మొదటి వాక్యం పూర్తి చేస్తుండగా, వెనక పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడైంది.

గోడ కూలలేదు. కూర్చుంది. నడుం నుంచి కిందికి జారి, ఎర్రటి గుజ్జుగా వీధిలోకి నడిచొచ్చి, పూలమడిని మింగి, సరిగ్గా ఆ రెండొందల మంది నిలబడ్డ చోట ఆగింది. కప్పు ఒక్క అంగుళం కదల్లేదు. దాని కింద పన్నెండు తుమ్మ మొద్దులు. వాటి వెనక దోన్యా క్రిసాంతా, చేతులు నడుం మీద పెట్టుకుని. కిటికీ లేదు, చట్రం మాత్రం ఆమె ముందు మట్టిలో పడి ఉంది.

ఇంకొకటి కూడా మిగిలింది. చూరుకి అతుక్కున్న ప్లాస్టిక్ పొర చెక్కుచెదరకుండా, తెరలా వేలాడుతోంది. అన్ని నెర్రెలూ దాని మీద అచ్చుపడి ఉన్నాయి.

శ్రీమతి ఆల్డ్రిచ్ బల్ల ముందుకి వచ్చింది. "మిత్రులారా! ఈ రోజు కళ తన భారాన్ని వదిలించుకుంది!"

ఈసారి చప్పట్లు ఐదు నిమిషాలు. విట్‌కాంబ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే పొరని జాగ్రత్తగా కోసి, చుట్ట చుట్టి, చిత్రశాలకి తీసుకుపోయారు. ఇప్పుడది చల్లటి గదిలో, గాజు వెనక, పన్నెండు దీపాల వెలుగులో ఉంది. కింద పలక మీద "గోడ" అని రాసి ఉంది. నెర్రెలు మానవాళికి చేరాయి.

వారం తర్వాత దోన్యా క్రిసాంతాకి తాఖీదు వచ్చింది. వీధిలో పడిన మట్టి వ్యర్థ పదార్థమనీ, పది రోజుల్లో ఇంటి యజమాని తొలగించాలనీ, ఉత్తర్వు రద్దయిందనీ.

"ఇన్నాళ్ళకి ఒక తెలివైన కాగితం పంపారు," అని ఆమె దాన్ని మడిచి పిండి డబ్బా కింద పెట్టుకుంది.

ఆ మట్టినంతా తట్టల్లో దొడ్లోకి ఎత్తుకున్నారు. వానలు వెలిసాక సెప్టెంబరులో ఇలారియో అదే మట్టిని గడ్డి కలిపి తొక్కి, ఇటుకలు పోసి, ఎండబెట్టాడు. నవంబరుకల్లా గోడ లేచింది. కిటికీ చట్రం పాతదే. నేను కూడా రెండు తట్టలు మోశాను. కొట్టు మూసే వేళ కాబట్టి.

"ఒరేయ్ బెతో, మెడ ఎలా ఉంది?" అని అడిగింది ఆవిడ, గోడ మెత్తుతూ, వెనక్కి తిరక్కుండా.

"బాగానే ఉంది అత్తా."

"అయితే ఇంకో తట్ట తే."

ఇది జరిగి ఏడాది కావస్తోంది. కార్యక్రమం సవరించారు. శనివారం తొమ్మిది నలభైకి చిత్రశాల. సాన్ ఫెర్మిన్ పేట ఇప్పుడు దారిలో లేదు. దోన్యా క్రిసాంతా మొన్న మే నెలలోనే గోడకి మళ్ళీ పూత వేసింది. ఒక్క నెర్రె లేదు. నున్నగా, ఎర్రగా, ఆమె అరచేతి జాడలతో ఉంది. కిటికీ దగ్గర పొద్దున పేట వాళ్ళే ఉంటారు. అందర్నీ సమానంగా తిడుతుంది.

ఎప్పుడైనా దారితప్పి ఒక జంట వస్తుంది. ఆ గోడని చూసి, ఇక్కడేం లేదనుకుని వెళ్ళిపోతుంది. పదింటికి నా కొట్టు ముందు వరస లేదు.

సాన్ హువాన్ పండుగకి ఇంకా పదకొండు రోజులుంది. మా వీధిలో ఆమె గోడకి తప్ప, ఈ ఏడు ఒక్క గోడకీ పూత పడలేదు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. అలా కుదిరింది. హాట్‌డాగ్ బండి వాళ్ళ గోడకి నిలువుగా రెండు నెర్రెలు వచ్చాయి, మామూలువి. నా కొట్టు గోడకి మాత్రం తలుపు దగ్గర మొదలై పైదాకా ఒకటి వచ్చింది. పైన ఐదుగా చీలింది. నేనంటే బాగోదు గానీ, క్రిసాంతా అత్తది మూడే.

ఇలారియో రోజూ వచ్చి దానికెదురుగా కూర్చుని, ఐసు తిని వెళ్ళిపోతున్నాడు. నిన్న మాత్రం లోపలికొచ్చి నా దూలాల కొలత తీసుకున్నాడు.

మీరు వచ్చేటట్టయితే ఈ శనివారమే రండి. దక్షిణం వైపు అప్పుడే మబ్బు పట్టింది. గోడకి కాస్త దగ్గరగా నిలబడితే ఫొటో బాగా వస్తుంది.